వేగస్ లంబిక

వేగస్ లంబిక అనేది చేపల మెదడులో మజ్జాముఖం పైభాగాన ఉండే ఒక రుచి కేంద్రం. నోటి లోపలి భాగం, గ్రసని, మొప్పల నుండి రుచి సమాచారం పదవ కపాల నాడియైన వేగస్ ద్వారా ఇక్కడికి చేరుతుంది. బంగారుతీగ, గోల్డ్‌ఫిష్ వంటి కార్పు కుటుంబపు చేపలలో ఇది కుడి ఎడమల రెండు పెద్ద ఉబ్బులుగా పైకి కనిపిస్తుంది. అనుమస్తిష్కానికి వెనుకగా ఉండడం వలన విద్యార్థులు దీనిని అందులో భాగమని పొరబడుతుంటారు. వాసనకు సంబంధించిన ఘ్రాణ లంబికలు మెదడు ముందు కొనన ఉంటాయి. వాటితో దీనికి సంబంధం లేదు.

నిర్మాణం

రెండు వేగస్ లంబికలకు ముందు, నడుమన ముఖ లంబిక ఉంటుంది. పెదవులు, మీసాలు, చర్మంపై గల రుచి గుళికల సమాచారం ఏడవ నాడి ద్వారా దానికి చేరుతుంది. తొమ్మిదవ నాడి చేరే భాగం చిన్నది, ఈ రెంటి మధ్య ఉంటుంది.

గోల్డ్‌ఫిష్ వేగస్ లంబికను అడ్డుకోత కోసి చూస్తే పొరలు పొరలుగా ఉంటుంది. వెలుపల జ్ఞాన పొరలు, నడుమ నాడీ తంతువులు, లోపల చాలక పొర. నోటిలోని ఒక్కొక్క చోటుకు జ్ఞాన పొరలో ఒక్కొక్క చోటు కేటాయించబడి ఉంది, అనగా ఇది నోటి యొక్క పటం వంటిది. జ్ఞాన పొర నుండి సంకేతం సూటిగా లోపలి చాలక పొరకు చేరి, అక్కడి నుండి తిరిగి వేగస్ నాడి గుండానే అంగిలి కండరాలకు పోతుంది.

ఉపయోగం

ఇంత ఏర్పాటు ఎందుకంటే, బంగారుతీగ బురదతో సహా ఆహారాన్ని నోటిలోకి పీల్చుకుంటుంది. దాని దవడలకు పళ్ళు లేవు. పుంగనూరు, కుప్పం వంటి చోట్ల వానకాలపు ఎర్రమట్టి నీరు చేరిన చెరువులో కంటిచూపు వలన ప్రయోజనం స్వల్పం. నోటి పైభాగాన గల మెత్తని కండర దిండు, అంగిలి అవయవం, రుచి తగిలిన చోట మాత్రమే ఉబ్బి ఆహారపు కణాన్ని మొప్పల వంపులకు అదిమి పట్టుకుంటుంది. మిగిలిన ఇసుక, మట్టి బయటకు పోతాయి. పట్టుబడిన ఆహారం గొంతులోని గ్రసని దంతాల మధ్య నలుగుతుంది. ఏ చోట ఉబ్బాలో నిర్ణయించేది వేగస్ లంబికే.

పరిశోధనలు

అస్థిచేపల మెదడులోని రుచి మార్గాలను అమెరికా శాస్త్రవేత్త సి. జడ్సన్ హెరిక్ 1905లో వివరించాడు. దక్షిణ భారతదేశపు కార్పు జాతి చేపల ఆహారపు అలవాట్లకు, వెనుక మెదడు నిర్మాణానికి గల సంబంధంపై బి. ఎస్. భీమాచార్ వ్రాసిన వ్యాసం 1935లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడింది. మన చెరువుల చేపలను చదివేవారు తప్పక తెలుసుకోదగిన పని ఇది.

మీసాల చేపలలో ముఖ లంబిక కూడా బాగా పెరిగి ఉంటుంది. అటువంటి ఒక అమెరికా చేపపై 1971లో యెల్లె అటెమా ప్రచురించిన ప్రయోగాలు రెండు లంబికల పనులను విడదీసి చూపాయి. ముఖ లంబిక దెబ్బతిన్న చేప ఆహారాన్ని వెదకి అందుకోలేకపోయింది. వేగస్ లంబిక దెబ్బతిన్నది ఆహారాన్ని నోట పట్టుకున్నది గాని మింగలేకపోయింది.