రెండు ఊరిపేర్లు, 16 బైట్లు: సి భాషలో తెలుగు దత్తాంశం

తూర్పు హైదరాబాదులో కంప్యూటరు చరిత్ర నేటి అద్దాల మేడలతో మొదలుకాలేదు. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967 ఏప్రిల్ 11న ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్., నాచారానికి ఉత్తరాన ఉన్న తన ప్రాంగణం నుండి టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లను దేశానికి అందించింది. శ్రేణిలో మొదటిదైన టి.డి.సి.-12 కాలం 1969. సి భాష అప్పటికింకా పుట్టలేదు. బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ దానికి రూపమిచ్చింది 1972 ప్రాంతంలో.

జ్ఞాపకశక్తి కరువైన ఆ రోజుల పొదుపు సి భాషలో స్థిరపడింది. అక్షరమాల ఎక్కడ ముగుస్తుందో ఒక సున్నా బైటు చెబుతుంది. దాన్ని ఉంచే బఫర్ ఎంత పొడవో మాత్రం ఎవరూ చెప్పరు. 1988 నవంబరు 2న వెలువడిన మోరిస్ వర్మ్ 512 బైట్ల బఫర్‌ను పొంగించి ఈ లోపాన్ని లోకానికి చాటింది. అందుకు కారణమైన ‘గెట్స్’ ప్రమేయం 2011 ప్రమాణంలో గాని తొలగలేదు.

తెలుగుకు కలిగిన చిక్కు వేరు. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఒక్కొక్క బైటు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యు.టి.ఎఫ్.-8లో ఒక్కొక్కదానికి మూడు. ‘ఉప్పల్’, ‘నాచారం’ రెండింటిలోనూ ఆరేసి సంకేతాలున్నాయి. ఇస్కీలో ముగింపు సున్నాతో కలిపి 7 బైట్లు, యు.టి.ఎఫ్.-8లో 19. రోమన్ లిపి పేర్లకు ధారాళంగా సరిపోయిన 16 బైట్ల బఫర్‌లోకి ‘స్ట్రింగ్ కాపీ’ చేస్తే 3 బైట్లు పొంగి పక్క చరరాశిని చెరుపుతాయి.

పొంగకుండా 15 బైట్లకే కత్తిరించి, చివర సున్నా చేర్చడం వాడుకలో ఉన్న పరిష్కారం. నిజానికి అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఐదు సంకేతాలే మిగిలి ‘ఉప్పల్’ పొల్లు పోగొట్టుకుని ‘ఉప్పల’ అవుతుంది. ‘నాచారం’ సున్న పోయి ‘నాచార’. ఆ పేరుతో డేటాబేస్‌ను ప్రశ్నిస్తే ఒక్క వరుస కూడా రాదు. ప్రోగ్రామ్ ఆగదు, హెచ్చరించదు. ఓటరు జాబితాలోనో ఆస్తిపన్ను పద్దులోనో ఇలా జరిగితే, పేరున్న మనిషి లేనివాడిగా తేలతాడు. పొంగును పట్టే అడ్రెస్ శానిటైజర్ వంటి సాధనాలకు ఇందులో దోషమేమీ కనిపించదు, ఎందుకంటే బఫర్ హద్దు దాటలేదు.

అందువల్ల అన్వేషణ బైట్ల లెక్కతోనే మొదలుకావాలి. పోస్ట్‌గ్రెస్ నిలువు వరుస పొడవును సంకేతాల్లో కొలుస్తుంది. ఒరాకిల్, మార్చకపోతే, బైట్లలో. సి బఫర్ ఎప్పుడూ బైట్లలోనే. పట్టికలో చెక్కుచెదరని పేరు ప్రోగ్రామ్‌కు చేరే దారిలో తెగిపోవడానికి ఈ కొలతల తేడాయే చాలు. ‘ఉప్పల్’ చివర కంటికి కనిపించని శూన్యవెడల్పు గుర్తు చేరితే మరో 3 బైట్లు. తెరమీద రెండు పేర్లూ ఒక్కటిగానే ఉంటాయి, బైట్ల పోలికలో మాత్రం కలవవు.