ఏకాంతరకోణములును భూమి కొలతయును

రెండు సమాంతరరేఖలను వేరొక రేఖ ఖండించినయెడల ఏకాంతరకోణములు సమానములగునను వాక్యమును సంగారెడ్డి ప్రాంతపు బడిపిల్లలు గడగడ నప్పగింపగలరు. దానివలన ప్రయోజనమేమని యడిగినచో పరీక్షలో రెండు మార్కులందురు. ఇందు దోషము వారిది గాదు. ఇరువదేండ్లుగా నల్లబల్లమీద గీతలు గీయుచు వచ్చిన మాది. ఆ వాక్యముతోనే భూగోళమును గొలిచిరనియు, ఆ కొలత మన యూళ్ల ప్రక్కగానే సాగిపోయెననియు మేము వారికి జెప్పియుండలేదు.

క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియా గ్రంథాలయమునకు ఎరటోస్తనీసను విద్వాంసు డధ్యక్షుడుగా నుండెను. దక్షిణమున సయీనీ పట్టణములో ఏటికొకనాడు మధ్యాహ్నమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిలువుకొయ్యకు నీడ యుండదు. అదే వేళ అలెగ్జాండ్రియాలో సూర్యుడు వృత్తములో 50వ వంతు వాలియుండెను. సూర్యుడు మిక్కిలి దూరస్థుడు గావున రెండు చోట్ల బడు కిరణములును సమాంతరములని యాతడు గ్రహించెను. అలెగ్జాండ్రియాలోని కొయ్యను భూకేంద్రముదాక బొడిగించినట్లు భావించిన నదియే ఖండనరేఖ. కొయ్యతలయొద్ద కిరణముతో నేర్పడు కోణమును, కేంద్రమునొద్ద రెండు పట్టణముల నడిమి కోణమును ఏకాంతరములు, కావున సమానములు. పట్టణముల నడిమి దూరము 5,000 స్టేడియములనిరి; దాని కేబది రెట్లు భూపరిధి. ఆతడు భూమిని ద్రవ్వి కేంద్రమును జూచి రాలేదు. పెరటిలోని నీడను జూచెను.

మన భాస్కరాచార్యుడును 12వ శతాబ్దమున సిద్ధాంతశిరోమణి గోళాధ్యాయమున నిట్టి యుపాయమునే చెప్పెను. ఒకే దక్షిణోత్తరరేఖమీద నున్న రెండు పురముల అక్షాంశభేదమును, నడిమి యోజనములును దెలిసిన, త్రైరాశికముచే భూపరిధి వచ్చును. యూక్లిడు గ్రంథమును 18వ శతాబ్దమున సవాయి జయసింహుని యాస్థానమున జగన్నాథ సమ్రాట్టు అరబ్బీనుండి సంస్కృతీకరించి 'రేఖాగణిత' మనెను. ఇది మనది, అది పరులది యను వాదము మాకు రుచింపదు. కోణమునకు కులము లేదు.

ఇక మన ప్రాంతపు మాట. కంపెనీవారి కొలువులోని విలియం లాంబ్టన్ 1802లో మద్రాసునొద్ద మొదటి ఆధారరేఖను గొలిచి, పిమ్మట కన్యాకుమారి వైపునుండి ఉత్తరముగా, కొండ శిఖరముల నడుమ త్రికోణము లల్లుచు, ఇంచుమించు 78వ రేఖాంశము వెంబడి వచ్చెను. ఆ రేఖాంశము సంగారెడ్డికి గొద్ది పడమటనే పోవుచున్నది. 1815లో బీదరునొద్ద మరియొక ఆధారరేఖను గొలిచి, ఆ ప్రాంతపు దామరగిద్దయొద్ద నక్షత్రములను బరిశీలించెను. నక్షత్రకిరణములు సూర్యకిరణములకంటెను నిక్కముగా సమాంతరములు. ఒకే నక్షత్రము రెండు తావులలో నడినెత్తినుండి యెంతెంత వాలియున్నదో చూచిన, ఆ భేదమే కేంద్రకోణము. దక్షిణపు కొననుండి దామరగిద్దకు దాదాపు 10 అంశలు. అంశకు సుమారు 110 కిలోమీటర్లని తేలెను. అర టన్ను బరువుగల కోణమాపకయంత్రమును కొండలపైకి మోసినవారు మనవంటి దేశీయులు. వారి పేర్లు పాఠ్యపుస్తకముల కెక్కలేదు. 1818లో సహాయుడుగా జేరిన ఎవరెస్టు, మరుసటి యేట కృష్ణాగోదావరుల నడిమి యడవులలో పరివారముతోగూడ జ్వరపీడితుడయ్యెను. కంపెనీవారికి పటములు కావలసినది పన్నులకును దండయాత్రలకును గూడననుట మరువరాదు. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాటునొద్ద, పని ముగియకయే మరణించెను.

ఈ కథ విన్న మా పిల్లలు తామును భూమిని గొలుతుమనిరి. ఒక జట్టు సంగారెడ్డిలోను, ఒక జట్టు పటాన్‌చెరులోను మీటరు కొయ్యలను నిలిపి మధ్యాహ్నపు నీడలను గొలిచిరి. నీడలు సమానముగా నుండెను. భూమి బల్లపరుపని తేలినదని యొక కొంటె బాలుడు ప్రకటించెను! మేమును నవ్వితిమి గాని, కారణమును వారిచేతనే వెదకించితిమి. రెండూళ్ల అక్షాంశభేదము అయిదారు కళలకు మించదు. సూర్యబింబపు వెడల్పే 32 కళలు. ఆ వెడల్పువలన నీడ యంచు మసకబారి, రెండు మిల్లీమీటర్లైన లేని భేదమును మ్రింగివేయును. లాంబ్టనునకు పది అంశల దూరమును, నక్షత్రములును ఏల కావలసివచ్చెనో మేము చెప్పకయే వారికి దెలిసెను.

అంతలో నొక బాలిక, పటాన్‌చెరు కర్మాగారముల పొగగొట్టమును మన బడి జెండాకఱ్ఱయు సమాంతరములేనా యని యడిగెను. రెండును నిట్టనిలువుగదా యని తక్కినవారనిరి. ఆమె సుద్దముక్క దీసికొని ఒక వృత్తమును గీసి, రెండింటిని కేంద్రముదాక బొడిగించి చూపెను.