ఒకే రేకుతో ఉక్కు టోపీ: బ్రోడీ హెల్మెట్ ఎలా తయారైంది? భారత సైనికులకు ఎప్పుడు అందింది?

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఏ పెద్ద సైన్యమూ తన పదాతి దళానికి ఉక్కు హెల్మెట్ ఇవ్వలేదు. ఫ్రెంచి, బ్రిటిష్ సైనికులకు గుడ్డ టోపీలు, జర్మన్లకు పైన మొన ఉన్న తోలు టోపీలు, భారత సైనికుల్లో ఎక్కువమందికి తలపాగాలే ఉండేవి. కందకాల యుద్ధం మొదలయ్యాక అవి సరిపోవని తేలింది. గాయాల్లో అధిక భాగం తుపాకీ గుళ్ల వల్ల కాకుండా ఫిరంగి గుండ్ల వల్ల అయ్యేవి. శ్రాప్నెల్ గుండు గాలిలోనే పేలి సీసపు గోళీలను కిందికి చిమ్మేది. కందకంలో ఉన్న సైనికుడికి ముందుగా తగిలేది తలకే.

1915లో ఫ్రాన్స్ పలుచని ఉక్కు రేకు భాగాలను జోడించి 'ఏడ్రియన్' హెల్మెట్‌ను తెచ్చింది. అదే ఏడాది జాన్ లియోపోల్డ్ బ్రోడీ లండన్‌లో మరో నమూనాకు పేటెంట్ తీసుకున్నాడు. అది బోర్లించిన గిన్నెలా, చుట్టూ వెడల్పాటి అంచుతో ఉండేది. పైనుంచి పడే గోళీల నుంచి తలతో పాటు భుజాలకూ ఆ అంచు కొంత రక్షణ ఇచ్చేది. మెడ వెనక భాగం, చెవులు మాత్రం బయటే ఉండేవి.

తయారీ విధానం

బ్రోడీ హెల్మెట్‌లో అతుకులు లేవు. సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి ఉక్కు రేకును అచ్చుల మధ్య పెట్టి ప్రెస్‌తో ఒత్తేవారు. రేకు లోతుగా సాగనక్కరలేదు కాబట్టి పని త్వరగా అయ్యేది, ఖర్చూ తగ్గేది. తొలి నమూనాకు మామూలు మెత్తని ఉక్కు వాడారు. కొద్ది వారాల్లోనే దాని స్థానంలో సుమారు 12 శాతం మాంగనీస్ కలిపిన ఉక్కు వచ్చింది. షెఫీల్డ్‌కు చెందిన రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టిన ఈ లోహానికి ఒక ప్రత్యేకత ఉంది. దెబ్బ తగిలిన చోట అది ఇంకా గట్టిపడుతుంది, సులువుగా పగలదు. అయస్కాంతానికి అంటుకోదు. ప్రెస్ ఒత్తిడికీ ఇలాగే గట్టిపడే గుణం వల్ల దాన్ని లోతుగా ఒత్తడం కష్టం. గిన్నె ఆకారం అందుకూ కలిసొచ్చింది.

తొలి హెల్మెట్ల అంచు చేతికి కోసుకునేంత పదునుగా ఉండేది. నున్నటి రంగు ఎండలో మెరిసి శత్రువుకు కనిపించేది. 1916లో అంచుకు మెత్తని ఉక్కు పట్టీ చుట్టారు. పెయింట్‌లో ఇసుక, రంపపు పొట్టు లాంటివి కలిపి మెరుపు పోగొట్టారు. లోపల అస్తరు, దానికి దన్నుగా మెత్తలు, కింద తోలుతో చేసిన గడ్డం పట్టీ అమర్చారు. యుద్ధం ముగిసేనాటికి అమెరికా తయారు చేసుకున్న వాటితో కలిపి దాదాపు 75 లక్షలు తయారయ్యాయి. నేరుగా వచ్చే రైఫిల్ గుండును ఈ హెల్మెట్ ఆపలేదు. దాన్ని చేసింది అందుకు కాదు.

మాంగనీస్ ఎక్కడిది?

ఉక్కు తయారీకి మాంగనీస్ తప్పనిసరి. బ్రిటన్‌కు అది ప్రధానంగా రష్యా, భారత్‌ల నుంచే వచ్చేది. 1914 చివర్లో తుర్కియే యుద్ధంలోకి దిగి నల్లసముద్రం దారి మూసుకుపోవడంతో రష్యా ఖనిజం ఆగింది, భారత ఖనిజంపై ఆధారం పెరిగింది. మన దేశంలో మాంగనీస్ తవ్వకాలు 1890ల మొదట్లో ప్రారంభమైంది అప్పటి విశాఖపట్నం జిల్లాలోని విజయనగరం ప్రాంతంలోనే.

అయినా భారత పదాతి దళానికి హెల్మెట్ ఆలస్యంగానే అందింది. 1915 మార్చిలో నవ్ షాపెల్‌లోనూ, సెప్టెంబరులో లూస్ వద్దా భారత దళాలు ఉక్కు రక్షణ లేకుండానే పోరాడాయి. లాహోర్, మీరట్ డివిజన్లు ఆ ఏడాది చివర ఫ్రాన్స్ విడిచి మెసపటేమియాకు కదిలాయి. హెల్మెట్లు పెద్ద సంఖ్యలో కందకాలకు చేరింది 1916లో.

రెండో ప్రపంచ యుద్ధంలో పరిస్థితి మారింది. 1938లో ఆమోదం పొందిన మార్క్-2 రకాన్ని భారత్‌లోనే తయారు చేశారు. ఇక్కడ తయారైన వాటిలో కొన్నింటిపై రైల్వే వర్క్‌షాపుల ముద్రలు కనిపిస్తాయి. స్వాతంత్ర్యం తర్వాత కూడా భారత సైన్యం ఈ రకాన్ని చాలాకాలం వాడింది.

సిక్కు సైనికులు మాత్రం రెండు యుద్ధాల్లోనూ తలపాగా తీసి హెల్మెట్ పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. సిక్కు సైనికుల కోసం 12,730 ప్రత్యేక హెల్మెట్లు కొనాలని రక్షణ శాఖ 2023 జనవరిలో ప్రతిపాదించినప్పుడు అకాల్ తఖ్త్ అభ్యంతరం తెలిపింది. రేకు పోయి గుళ్లను ఆపే కొత్త పదార్థాలు వచ్చాయి కానీ, తలకు రక్షణ ముఖ్యమా, తలపాగా గౌరవం ముఖ్యమా అన్న వాదన మాత్రం వందేళ్ల నాటిదే.