టర్కీ సంప్రదాయ గృహాల సూక్ష్మ నమూనాలు

ఒట్టోమన్ కాలపు కొయ్యచట్రం ఇళ్లను కొలతల ప్రకారం చిన్నవిగా కట్టే పని ఇది. నమూనాలు చేయడం ఆ దేశంలో పాత విద్యే. 1582లో ఇస్తాంబుల్‌లో జరిగిన సున్తీ ఉత్సవాల ఊరేగింపులో సులేమానియే మసీదు నమూనాను మోసుకెళ్లినట్లు ఆనాటి చిత్రాలు చూపుతాయి. మామూలు ఇంటికి మాత్రం అంతటి మర్యాద దక్కలేదు. 18వ శతాబ్దిలో ఉస్కుదార్‌లోని అయాజ్మా మసీదు వంటి కట్టడాల గోడలకు బుల్లి మేడల్లాంటి రాతి పిట్టగూళ్లు చెక్కి పెట్టారు. ఆ గూళ్లకు లెక్క ప్రకారం కొలతలు లేవు గనుక అవి నమూనాలు కావు, నమూనాలకు పూర్వరూపాలు మాత్రమే.

కొలతలు తీసే అవసరం ఇళ్లు పోతున్నప్పుడు తెలిసొచ్చింది. 1918లో ఫాతిహ్ అగ్నిప్రమాదంలో ఇస్తాంబుల్ కొయ్య ఇళ్లు వేలల్లో కాలిపోయాయి. 1930ల్లో వాస్తుశిల్పి సెదాద్ హక్కి ఎల్దెమ్ లలితకళల అకాడమీ విద్యార్థుల చేత పాత ఇళ్లను కొలిపించి పటాలు గీయించాడు. విచిత్రం, 1948లో అకాడమీకే నిప్పంటుకుని ఆ పటాల్లో చాలా భాగం బూడిదైంది. అయినా 1954లో ఆయన వెలువరించిన గ్రంథం ఇళ్లను 'సోఫా' ఆధారంగా విభజించింది. గదులన్నీ తెరుచుకునే హాలే సోఫా. అది అసలు లేని ఇళ్లు, ఒక పక్కన ఉన్నవి, రెండు గదుల వరసల మధ్య ఉన్నవి, ఇంటి నట్టనడుమ ఉన్నవి అని నాలుగు రకాలు.

ఈ ఇళ్ల నమూనాలు కట్టేవారికి చిక్కంతా కింది అంతస్తుతోనే. రాతిగోడ సందు వంపును పట్టుకుని వంకరగా పోతుంది. పై గదులు మాత్రం చతురస్రంగా ఉండాలి. ఆ తేడాను సర్దడానికే పై అంతస్తు సందులోకి పొడుచుకొస్తుంది, దాన్ని ఏటవాలు కొయ్యలు కింది నుంచి మోస్తాయి. చేయి తిరగనివారు కింది గోడను తిన్నగా కట్టేస్తారు. అప్పుడు ఆ పొడుపు ఉత్త అలంకారమవుతుంది. కొయ్యచట్రం, దాని సందుల్లో కూరిన పచ్చి ఇటుక కనబడాలని కొందరు ఒక గోడకు పూత వేయకుండా వదిలేస్తారు.

ఇలాంటి పాత ఇళ్లు నిలిచి ఉన్న సఫ్రాన్‌బోలు పట్టణం 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. 2003లో ఇస్తాంబుల్‌లో తెరిచిన మినియాతుర్క్ ఉద్యానంలో ఆ ఊరి ఇళ్లను 1:25 నిష్పత్తిలో నిలిపారు. సఫ్రాన్‌బోలు బజారులో జ్ఞాపికలుగా అమ్మే ఇళ్లకు తెల్లగోడలు, నిలువు కిటికీల వరసలు, వెడల్పాటి చూరు తప్పక ఉంటాయి. లోపల మాత్రం డొల్ల. సోఫా చూపదలచినవారు పెంకు కప్పును ఊడదీయడానికి వీలుగా అమరుస్తారు.