ద్రాక్ష జెల్లీలో మాంసపు ఉంటలు: ఒక నిదానపు వంట చరిత్ర

అమెరికా విందుల్లో అందరికీ తెలిసిన చిరుతిండి ఒకటుంది. ఉసిరికాయంత మాంసపు ఉంటలు, ఒక సీసా చిల్లీ సాస్, ఒక సీసా ద్రాక్షపండ్ల జెల్లీ. మూడూ కరెంటు కుండలో వేసి మూత పెట్టేస్తారు. మూడు నాలుగు గంటలకు ఉంటల చుట్టూ ఎర్రగా మెరిసే చిక్కటి పులుసు తయారవుతుంది. అసలు భోజనానికి ముందు, వచ్చినవాళ్లు వచ్చినట్టు పుల్లలతో గుచ్చుకుని తింటారు. మన పిల్లలు అక్కడ స్థిరపడ్డాక ఆ వంట మన ఇళ్లకూ వచ్చింది. ఉగాదికో పుట్టినరోజుకో ఇక్కడికి వచ్చిన కోడలు చేసి పెడితే, పెద్దవాళ్లు మొదట అడిగేది ఒకటే: "మాంసంలో జామ్ ఏందే తల్లీ?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే చాలా దూరం పోవాల్సి వచ్చింది. లిథువేనియా దాకా పోయి, మళ్లీ మా చిక్కబళ్లాపురం ద్రాక్షతోటల దగ్గరికి వచ్చాము.

ముందు కుండ సంగతి. క్రాక్‌పాట్ అనే పేరు 1971లో పుట్టింది కానీ, ఆ కుండ అంతకంటే పాతది. దాన్ని కనిపెట్టినాయన ఇర్వింగ్ నాఖుమ్‌సన్. 1902లో న్యూజెర్సీలో, వలస వచ్చిన యూదుల ఇంట్లో పుట్టాడు. చికాగోలో ఇంజనీరుగా పనిచేసి, తర్వాత సొంతంగా రకరకాల యంత్రాలు తయారుచేశాడు. ఆయన తల్లి తమర్‌ది లిథువేనియాలోని విల్నా ప్రాంతం. ఆమె చిన్నప్పటి ఊసు ఒకటి కొడుక్కి చెప్పేదట. యూదులకు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా సబ్బాతు. ఆ వేళల్లో నిప్పు రాజేయకూడదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నమే మాంసం, చిక్కుడు గింజలు, బార్లీ, ఉర్లగడ్డలు కుండలో వేసి, పిల్లల చేత ఊరి రొట్టెలబట్టీకి పంపేవాళ్లు. రొట్టెలు కాల్చడం అయిపోయాక బట్టీ ఆర్పేస్తారు, కానీ లోపలి వేడి తెల్లారేదాకా ఉంటుంది. ఆ మిగిలిన వేడికే కుండ రాత్రంతా ఉడికి, మర్నాడు ఇంటికి వస్తుంది. ఆ కూర పేరు చోలెంట్.

ఈ ఊసులో నుంచి ఇర్వింగ్ ఒక యంత్రం చేశాడు. కుండకు అడుగున మంట పెట్టకుండా, చుట్టూ వేడి తీగ చుట్టి, నలువైపుల నుంచీ సన్నగా కాగేలా అమర్చాడు. 1936లో పేటెంటుకు అర్జీ పెడితే 1940 జనవరిలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ పేరులా వినిపిస్తోందని నాఖుమ్‌సన్ కాస్తా నాక్సన్ అయింది. (మనకు ఇది కొత్తేమీ కాదు. ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుని, తర్వాత ఆ అక్షరం చోట నాన్న పేరులోది పెట్టుకుని, మూడో తరానికి ఇంటిపేరు ఏందో పెళ్లిచూపులప్పుడు తప్ప గుర్తుకురాని ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు!) 1950లలో ఆయన ఆ కుండను నాక్సన్ బీనరీ అని అమ్మాడు. చిక్కుళ్లు ఉడికించే కుండ అని దాని అర్థం. పెద్దగా పోలేదు.

1970లో కాన్సాస్ సిటీలోని రైవల్ కంపెనీ నాక్సన్ వ్యాపారాన్ని కొనేసింది. కంపెనీ వాళ్ల వంటింట్లో దాన్ని పెట్టి చూస్తే చిక్కుళ్లే కాదు, మాంసం, కూరలు అన్నీ బాగా ఉడుకుతున్నాయని తేలింది. కొత్త రంగులు వేసి, కొత్త పేరు పెట్టి 1971లో చికాగో గృహోపకరణాల ప్రదర్శనలో చూపించారు. ఆ ఏడాది 20 లక్షల డాలర్ల అమ్మకం జరిగితే, 1975 నాటికి అది 9 కోట్ల 30 లక్షలయింది. కారణం కష్టమైనదేమీ కాదు. ఆ కాలంలోనే అమెరికాలో ఆడవాళ్లు పెద్దయెత్తున ఉద్యోగాలకు పోవడం మొదలుపెట్టారు. పొద్దున వేసి పోతే సాయంత్రానికి కూర సిద్ధం. 1973 తర్వాత చమురు ధరలు మండిపోయాయి, ఈ కుండకేమో ఒక పెద్ద బల్బుకో రెండు బల్బులకో పట్టేంత కరెంటు చాలు. 1975లోనే మేబుల్ హాఫ్‌మన్ అనే ఆమె రాసిన క్రాకరీ కుకరీ అనే వంటల పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది.

ఇక్కడ మాకు ఒక సంగతి తట్టింది. అమెరికా వంటిల్లు నిదానపు కుండ కొనుక్కుంటున్న కాలంలోనే మన వంటిల్లు ప్రెషర్ కుక్కర్ కొనుక్కుంది. 1950ల చివరి నుంచి ప్రెస్టీజ్, హాకిన్స్ ఇంటింటికీ వచ్చాయి. మనకు పూటపూటకూ అన్నం, పప్పు వేడిగా కావాలి. కిరసనాయిలు, గ్యాసు పొదుపు కావాలి. కాబట్టి విజిల్ గెలిచింది. ఆ గెలుపులో పోయింది దాలి.

దాలి అంటే ఏందో ఈనాటి పిల్లలకు చెప్పాలి. పెరట్లో మట్టితో కట్టిన గుంత. అందులో పిడకలు పేర్చి నిప్పు వేస్తే మంట లేకుండా కనకన కాలుతూ ఉంటాయి. పైన పాలకుండ పెట్టి మూత వేస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాలు కాగుతాయి. పొంగవు, అడుగంటవు, ఎర్రబడి మీగడ మందంగా కడతాయి. ఆ పాలను తోడేస్తే వచ్చే పెరుగులో సన్నటి పొగవాసన. మా ఇళ్లల్లో అవ్వలు దాలి పాలు తాగిన నాలుకకు గ్యాసు మీద కాచిన పాలు నీళ్లే అనేవాళ్లు. లెక్కకు చూస్తే దాలి, విల్నా రొట్టెలబట్టీ, క్రాక్‌పాట్ మూడూ ఒకటే పని చేస్తాయి: తక్కువ వేడి, ఎక్కువ సేపు, మనిషి కాపలా లేకుండా. విల్నా బట్టీ ఊసు ఒక తల్లి నోటి నుంచి కొడుకు చేతిలోకి పోయి యంత్రమయింది. మన దాలిని ఎవరూ యంత్రం చేయలేదు. గ్యాసు బండ వచ్చిన ఏడాదో మరుసటి ఏడాదో గుంత పూడ్చి, దాని మీద నీళ్ల తొట్టి కట్టుకున్నాము. ఆ మాట కూడా ఇప్పుడు మా పిల్లలకు రాదు. కన్నడంలో చెప్పబోతే అందులోనూ దొరక్క, చేతులతో గుంత ఆకారం చూపిస్తున్నాము.

రాచ్చిప్ప మాత్రం కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉంది. మెత్తటి బలపపు రాతిని తొలిచి చేసిన గిన్నె. వేడెక్కడానికి సేపు పడుతుంది, ఎక్కాక వదలదు. పొయ్యి మీద నుంచి దించినా పులుసు ఇంకా కుతకుతలాడుతూనే ఉంటుంది. చింతపండు పులుపుకు ఇత్తడి కళాయి పోతుంది, రాయికి ఏమీ కాదు. తమిళనాట ఉన్నవాళ్లకు అదే కల్చట్టి. క్రాక్‌పాట్ లోపలి పింగాణీ కుండ చేసే పని కూడా ఇదే.

ఇక జామ్ సంగతి. మాంసంలో తీపి పులుపు కలపడం అమెరికా వాళ్ల వింత అనుకుంటే పొరపాటు. తూర్పు యూరప్ యూదుల ఇళ్లల్లో క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి తీపి పులుపు రసంలో ఉడికించేవాళ్లు. స్వీడన్ వాళ్లు మాంసపు ఉంటలను లింగన్‌బెర్రీ అనే పుల్లటి పండు జామ్‌తో తింటారు. వీళ్లంతా అమెరికా చేరాక అక్కడ చవగ్గా దొరికింది కాంకర్డ్ ద్రాక్ష. 1849లో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊళ్లో ఎఫ్రాయిమ్ బుల్ పెంచిన రకం అది. 1869లో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు, చర్చిలో సారాయి బదులు వాడటానికి దాని రసాన్ని పులియకుండా కాచి సీసాల్లో పట్టాడు. ఆ కుటుంబపు కంపెనీయే తర్వాత జెల్లీ కూడా తెచ్చింది. 1960ల నాటికి జెల్లీ, చిల్లీ సాస్ కలిపిన ఉంటలు అమెరికా సాయంకాలపు విందుల్లో బాగా వాడుకలోకి వచ్చాయి. అప్పుడు కింద చిన్న దీపం ఉన్న పళ్లెంలో వెచ్చగా ఉంచేవాళ్లు. క్రాక్‌పాట్ వచ్చాక వంట అందులోకి మారింది.

కాంకర్డ్ మన దేశంలో దొరకదు కదా అంటారా? దాని చుట్టం మా ఊరి పక్కనే ఉంది. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, కోలారు తోటల్లో పండే బెంగళూరు నీలి ద్రాక్ష కూడా ఆ అమెరికా ద్రాక్షజాతి కలిసిన రకమే. అదే నల్లటి మందపు తోలు, నోట్లో పిసికితే జారిపోయే గుజ్జు, అదే ఘాటైన వాసన. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలుగు, కన్నడం కలిపి మాట్లాడే కూలీలు కోసే ఆ ద్రాక్షను బెంగళూరు బజారులో కేజీల లెక్కన కొంటూ, అమెరికా నుంచి జెల్లీ సీసా మోసుకొచ్చుకోవడం మాకు నవ్వు తెప్పించింది.

మాంసపు ఉంటలూ మాకు పరాయివి కావు. మా వైపు కైమా ఉంటల పులుసు పండగ వంట. కైమాలో వేయించిన పుట్నాల పొడి, కొబ్బరి, గసగసాలు, అల్లం, వెల్లుల్లి నూరి కలిపి ఉంటలు చుట్టి, కాగే పులుసులో ఒక్కొక్కటే వదులుతారు. సంగటిలోకి అదే. తీపి పులుపు అంటారా, గుమ్మడికాయ పులుసులో బెల్లం వేయని తెలుగిల్లు ఉందా? అన్నట్టు, కారం కూడా అమెరికాదే. మిరపకాయ పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చేదాకా మన కారమంతా మిరియమే. కొత్త కాయకు పేరు కూడా మిరియం నుంచే పెట్టుకున్నాము.

చేసే పద్ధతి చెప్పేస్తాము. అమెరికా కొలత ఇది: ముందే ఉడికించిన ఉంటలు 900 గ్రాములు, చిల్లీ సాస్ 340 గ్రాములు, జెల్లీ 300 గ్రాములు. అక్కడి చిల్లీ సాస్ టమాటా, ఉల్లిపాయ, వెనిగర్ వేసినది, కారం తక్కువ. మన అంగడిలో అదే పేరుతో అమ్మే పచ్చ సీసా పోస్తే ఎవరూ తినలేరు. టమాటా కెచప్‌లో కొంచెం మిరప్పొడి కలుపుకోవడం మేలు. తక్కువ వేడి మీద నాలుగైదు గంటలు, ఎక్కువ మీద అయితే రెండు మూడు. మీట ఎక్కడ తిప్పినా చివరికి వేడి మరిగే నీటికి కాస్త కిందనే ఆగుతుంది, ఆ వేడి చేరడానికి పట్టే సేపులోనే తేడా.

మా ఇంట్లో చేసేది వేరు. కేజీ నీలి ద్రాక్షను ఒక గ్లాసు నీళ్లతో ఉడికించి, గింజా తోలూ పోయేలా వడకట్టి, రసంలో పావు కేజీ బెల్లం, నిమ్మకాయంత చింతపండు పులుసు, ఒక చెంచా మిరప్పొడి, ఉప్పు వేసి సగానికి మరిగిస్తాము. జెల్లీలా గడ్డకట్టనక్కరలేదు. అమెరికా జెల్లీలోని తీపి మాకు ముఖం మొత్తింది, చింతపండు పడితేనే నాలుక ఒప్పుకుంది. కైమా ఉంటలను ముందుగా పెనం మీద అన్ని వైపులా ఎర్రగా వేయించి అందులో వేస్తాము. మాంసం ముట్టనివాళ్లకు వేయించిన పెసర ఉంటలు బాగుంటాయి, అవి మాత్రం వడ్డించే అరగంట ముందు వేయాలి, లేకపోతే విచ్చిపోతాయి.

రెండు జాగ్రత్తలు. గడ్డకట్టిన పచ్చిమాంసం నేరుగా ఈ కుండలో వేయకూడదు. వేడి నిదానంగా ఎక్కుతుంది కాబట్టి లోపల క్రిములు పెరిగే సమయం దొరుకుతుంది. రాజ్మా వేసేవాళ్లు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పొయ్యి మీద పది నిమిషాలు గట్టిగా మరిగించాకే వేయాలి. ఈ కుండ వేడి ఒక్కటే అందులోని విషాన్ని విరవదు, కడుపు పాడవుతుంది. మన ఊళ్లల్లో కరెంటు పోయే వేళలు తెలిసినవే. రెండు గంటలకు మించి పోయి, కుండ గోరువెచ్చగా అయిపోయిందంటే అందులోది పారబోయాల్సిందే. దాలికి మాత్రం ఆ బాధ లేదు, పిడకలు ఆరిపోయేదాకా అది కాలుతూనే ఉంటుంది.

దాలి కట్టే కొలతలు తెలిసినవాళ్లు మా బంధువుల్లో ఇద్దరే మిగిలారు, ఇద్దరూ 80 దాటినవాళ్లే. గుంత లోతెంత, పిడకలు ఎట్లా పేర్చాలి, గాలి పోవడానికి సందు ఏ వైపు వదలాలి అన్నది వాళ్ల చేత చెప్పించుకుని రాసుకుంటున్నాము. బరంపురం, షోలాపూర్, మదురై, యానాం వైపు మన ఇళ్లల్లో దీన్ని వేరే పేరుతో పిలిచేవాళ్లుంటే, ఆ పేరూ ఆ కొలతా మాకు రాసి పంపండి.