వాన దినములలో బాటసారి

ఇంగ్లాండు దేశపు పల్లెసీమలను చూడబోవువారికై వ్రాయబడిన దారిచూపు పుస్తకములలో, వాన కురిసిన దినమున యాత్రికు డేమి చేయవలెనో తెలుపు భాగ మొకటి తరచుగా కానవచ్చును. ఆ దేశమున వానకు మనకువలె వేరొక ఋతువు లేదు. ఏ మాసమునందైనను చినుకులు పడవచ్చును. అట్టి దినమున కొండబాటలు విడిచి పురాతనమైన చర్చిని చూడుడనియు, ప్రభువుల పాత మేడలలోని చిత్తరువులను చూడుడనియు, లేదా పూటకూటి యింట చలిమంట యొద్ద కూర్చుండుడనియు ఆ గ్రంథకర్తలు సలహా చెప్పుదురు. చేత పైకము కలవానికి అచ్చట వాన యొక చిన్న యంతరాయము మాత్రమే.

మన కోనసీమలో వాన దినమున బాటసారి యేమి చేసెడివాడు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో మన పూర్వుల కాలక్షేపమే గాక, వారి ధర్మమును, ఆ ధర్మములోని లోటును గూడ తెలియగలదు.

వానకాలమున ప్రయాణము మానుటయే మన దేశమున ప్రాచీన మర్యాద. సన్న్యాసులు ఆషాఢ పూర్ణిమ మొదలు చాతుర్మాస్య దీక్ష వహించి యొక్కచోటనే నిలుతురు. వానలకు నేలపై పుట్టు సూక్ష్మజీవులు కాలిక్రింద పడి నశించునను భయము అందులకు ముఖ్యకారణము. బౌద్ధభిక్షువులును మూడు మాసములు వర్షావాస మాచరించెడివారు. మన వైనతేయ తీరమున అదుర్రు గ్రామములో బౌద్ధస్తూపపు శిథిలములు నేటికిని గలవు. ఊరూర తిరుగు భిక్షువు ముసురు పట్టిన నెలలలో ఒక గ్రామము నాశ్రయించి ధర్మము బోధించుటయు, ఆ గ్రామము వానికి కూడు పెట్టుటయు ఆ మతమునందలి యేర్పాటు. కనుక వాన దినమున అతిథిని నిలుపుకొనుట యీ దేశమునకు నిన్న మొన్న వచ్చిన యాచారము కాదు.

కాని గృహస్థునకు ప్రయాణము తప్పునా? పెండ్లికో, చావుకో, వ్యవహారమునకో కదలక తీరదు. కోనసీమ గౌతమికిని వసిష్ఠకును నడుమ నున్నది, దానిని మరల వైనతేయ చీల్చుచున్నది, దక్షిణమున సముద్రము. మన కొక్క చినుకు పడకున్నను ఎగువ దేశములలో వానలు కురిసినచో ఇచ్చట వరద వచ్చును. కాటను దొర 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట కాలువలకు నీటిని మళ్ళించినదే గాని వరదను ఆపునది కాదు. కాలువలలో పడవ ప్రయాణము సుఖమైనది; నదిని దాటుట మాత్రము రేవు పడవకే మిగిలినది. వరద హెచ్చినచో సరంగు పడవను కట్టివేసెడివాడు. అప్పుడు బాటసారికి రేవే మజిలీ.

అట్టి బాటసారులు సత్రములలోను, దేవాలయ మండపములలోను, ఇండ్ల యరుగులమీదను కాలము గడిపెడివారు. అరుగుమీద గీతలు గీసి పులిజూద మాడుట, లోపల స్త్రీలు గవ్వలతో అష్టాచెమ్మ లాడుట, కొబ్బరిపీచు పేని త్రాళ్ళు చేయుట, ఈనెలు చీరి చీపుళ్ళు కట్టుట, ఇవి ముసురు దినముల పనులు. మండువా యిండ్లలో నడుమ పడు వానధారను చూచుచు పెద్దలు పురాణము చెప్పించుకొనెడివారు. విరాటపర్వము చదివినచో వానలు కురియునని మనవారి నమ్మకము. అందుచే ముసురు పట్టినప్పుడు మాత్రము ఆ పుస్తకము అటుకమీదనే యుండెడిది! వేదము చదువు పిల్లలకు అకాలమున ఉరిమినచో అనధ్యయనము. వారి సంతోషమును వేరుగ చెప్ప బనిలేదు.

వాన దినములను గూడ లోకోపకారముగా మార్చిన యాత్రికు డొకడు కలడు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రీటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. ఆ పదునైదు నెలలకు పైబడిన ప్రయాణములో వానకాలము రెండుసార్లు వచ్చినది. వారు మజిలీ మజిలీకిని బస యెట్టిది, సరకులు దొరకునా, దారి యెట్లున్నదని వ్రాసికొనుచుండిరి. ఆ వ్రాతయే వారి మరణానంతరము 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ యను పేర అచ్చయినది. వెనుక వచ్చు బాటసారి తడియకుండుటకు ముందు పోయినవాడు చేయదగిన సహాయ మిది.

ఇంతవరకు చెప్పినది చూరు క్రింద చోటు దొరకినవారి మాట. చోటు దొరకనివారి మాటయు చెప్పక పోయినచో ఇది చరిత్ర కానేరదు. అనేక సత్రములలో అన్నము కొన్ని కులములవారికే లభించెడిది. అంటరానివారని చెప్పబడినవారు వరద దినమున గూడ అరుగెక్కుటకు వీలులేక చెట్లక్రింద తడిసెడివారు. కూలివానికి ముసురు కాలక్షేపము కాదు, పస్తు. పొలమున పని లేనినాడు పొయ్యి వెలుగదు. మనము పులిజూద మాడుకొన్న దినములే వారికి అప్పు చేసిన దినములు.

ఈ లోటును తన చేతనైనంత తీర్చిన తల్లి మన సీమలోనే పుట్టినది. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమునకు కోడలై వచ్చిరి. వారి భర్త డొక్కా జోగన్నగారు వ్యవసాయము చేయు గృహస్థు. గన్నవరము వైనతేయ యొడ్డున నున్న రేవు గ్రామమగుటచే దాటలేక నిలిచిపోవువారు పెక్కుమంది. వేళ యనక, కులమనక వచ్చినవారి కెల్ల ఆ యింట అన్నము పెట్టబడెడిది. ఆమె యొకసారి అంతర్వేది స్వామి దర్శనమునకు పల్లకిలో పోవుచుండగా, దారిలో ఆకలిగొన్న పిల్లలతో నొక పెండ్లివారి గుంపు, “కొంచెము ఓర్చుకోండర్రా, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు” అనుకొనుట విని, పల్లకిని వెనుకకు త్రిప్పించి వారికంటె ముందుగా ఇల్లు చేరెనని పెద్దలు చెప్పుదురు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు ఆహ్వానము వచ్చినను ఆమె పోలేదనియు, ఆమె ఛాయాచిత్రమును మాత్రమే తీసికొని పోయిరనియు మా ప్రాంతమున వాడుక. ఆమె 1909లో పరమపదించిరి. గన్నవరమున వైనతేయపై 2000లో పూర్తియైన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరే పెట్టిరి.

నాకు ఈ ధర్మము పుస్తకమువలన తెలియలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైబడిన వరద వచ్చినప్పుడు నేను చిన్నవయస్సు ఉపాధ్యాయుడను. లంకలవారు మా బడి గదులలో తల దాచుకొనిరి. వారికి కాలక్షేపమగునని తలచి నేను భాగవతము తెరచి గజేంద్రమోక్షణము మొదలిడితిని. ఒక ముదుసలి మెల్లగా లేచి, “పంతులుగారండీ, కథ తరవాత చెబుదురుగాని, ముందు పిల్లలకి గంజి కాయించండి బాబూ” అన్నది. నేను సిగ్గుపడి పుస్తకము మూసితిని. ఊరిలో నాలుగిండ్లు తిరిగి బియ్యము తెచ్చితిమి. ఆ రాత్రి పిల్లలు తిని నిద్రపోయిన పిమ్మట ఆ ముదుసలియే, “ఇప్పుడు చెప్పండి” అని కథ చెప్పించుకొన్నది. నేను చదివిన పురాణములలో ఇంత శ్రద్ధగా వినబడినది వేరొకటి లేదు.

నేడు చాలచోట్ల రేవులకు బదులు వంతెనలు వచ్చినవి. బస్సు ఆగదు, బాటసారి దిగడు, అరుగులకు కటకటాలు పెట్టితిమి. ఇది మంచికే. పడవ మునిగి చనిపోవు భయము తగ్గినది. అయినను 2022 జూలైలో వరద మరల లంకలను ముంచినది. వంతెన దాటించును గాని అన్నము పెట్టదు. గ్రామ పెద్దలగు మీరు ముసురు పట్టిన దినమున రేడియో చెంతనో అరుగుమీదనో సుఖముగా కూర్చున్నప్పుడు, ఊరి చివర పొయ్యి వెలుగని యిల్లేదో ఒక్కసారి విచారింపుడు. ఆ విచారణ ముగిసిన పిమ్మట పురాణము విప్పుడు. అది మరింత చక్కగా వినబడును.