ఎనిమిది వస్తువుల బతుకు

పెద్దపల్లి ప్రాంతంలో తక్కువ వస్తువులతో బతకడాన్ని ఒక నియమంగా పెట్టుకున్నవారిలో బౌద్ధ భిక్షువులు తొలితరం వారు. వారి ఆనవాళ్లు ధూళికట్టలో ఉన్నాయి. హుస్సేన్‌వాగు దగ్గర మట్టికోట, దాని బయట సున్నపురాతి పలకలు తొడిగిన స్తూపం 1970ల్లో వి.వి. కృష్ణశాస్త్రి జరిపిన తవ్వకాల్లో బయటపడ్డాయి. పలకల మీద బుద్ధుడి విగ్రహం లేదు. బుద్ధుడికి గుర్తుగా ముచిలింద నాగు పడగల నీడన పాదుకలు చెక్కారు.

ధూళికట్ట పేదల ఊరేమీ కాదు. కోటలో ధాన్యపు కొట్లు, ఇటుక కట్టడాలు ఉండేవి. పెద్దపల్లికి దగ్గర్లోని పెద్దబంకూరులో ఇటుకబావులు, కమ్మరి కొలిమి జాడలు, వేల సంఖ్యలో శాతవాహన నాణేలు దొరికాయి. డబ్బు బాగా చెలామణీ అయిన ఈ నేల మీదే భిక్షువులు తమకంటూ దాదాపు ఏమీ లేకుండా బతికారు.

భిక్షువుల నడవడికి పెట్టిన వినయ నియమాల ప్రకారం భిక్షువుకు ఉండవలసినవి ఎనిమిదే: మూడు చీవరాలు (కట్టుకునే వస్త్రాలు), భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడగట్టే గుడ్డ. వీటినే అష్ట పరిష్కారాలు అంటారు. బంగారం, వెండి ముట్టకూడదు. అదనంగా వచ్చిన పాత్రను పది రోజులకు మించి దగ్గర పెట్టుకోకూడదు. పాతబడ్డ చీవరాన్ని ఏం చేయాలో వినయ గ్రంథాల్లో ఒకటైన చుల్లవగ్గలోని ఒక కథ చెబుతుంది. కౌశాంబి రాజు ఉదయనుడు బుద్ధుడి శిష్యుడు ఆనందుణ్ణి ఇదే అడుగుతాడు. చిరిగిన చీవరం పక్కదుప్పటి అవుతుంది, అదీ చిరిగితే పరుపు గలేబు, ఆపై నేల మీద పరిచే గుడ్డ, కాళ్లు తుడుచుకునే పట్టా, దుమ్ము దులిపే గుడ్డ. చివరకు దాన్ని ముక్కలు చేసి మట్టిలో కలిపి నేలకు మెత్తుతారు. రాజుకు ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఏమీ లేకుండా బతకాలనే ఈ ఆలోచన గోదావరి తీరానికి బుద్ధుడి కాలంలోనే వచ్చిందని బౌద్ధ గ్రంథం సుత్తనిపాతం చెబుతుంది. ఏమీ లేనితనాన్ని కోరి కోసల నుంచి వచ్చిన బావరి, అస్సక దేశంలో గోదావరి ఒడ్డున పరిగె గింజలు, పండ్లతో బతికాడు. ఉన్నదంతా యజ్ఞంలో పంచేశాక ఒక బ్రాహ్మణుడు వచ్చి అయిదు వందలు అడిగితే ఇవ్వడానికి ఏమీ లేదన్నాడు, శాపానికి గురయ్యాడు. దానికి విరుగుడు తెలుసుకోవడానికే పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరకు పంపాడు. ఆ ఆశ్రమం నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తిలో ఉండేదని తెలంగాణ చరిత్రకారుల్లో కొందరి అభిప్రాయం.

అయితే భిక్షువు వేరు, భిక్షువుల సంఘం వేరు. ధూళికట్ట స్తూపం లాంటి కట్టడాలు దాతల సొమ్ముతోనే లేచాయి. పెద్దబంకూరు నాణేల మీది శాతవాహన వంశానికే చెందిన గౌతమీపుత్ర శాతకర్ణి నాసిక్ భిక్షువులకు 200 నివర్తనాల (అప్పటి భూమి కొలత) పొలం ఇచ్చినట్టు అక్కడి గుహ శాసనంలో ఉంది. సొంత ఆస్తిని వద్దన్నవారు ఉమ్మడి ఆస్తిని మాత్రం కాదనలేదు. వానాకాలం మూడు నెలలు ఒకచోట ఉండాలన్నా, రోజూ పాత్ర నిండాలన్నా పండే పొలాలు, పెట్టే ఇళ్లు చుట్టూ ఉండి తీరాలి. ధూళికట్ట స్తూపం కోటకు దగ్గరగా ఉండటానికి ఒక కారణం అదే కావచ్చు.